పడకూడని చోట

ఆ పొద్దున హోటల్ భోజనాల గదిలో టెలెస్ఫోర్ గాడ్‌బ్వా పక్కన ఎవరూ కూర్చోలేదు. జట్టంతా బల్లకి ఒక కొసన ఇరుక్కుని, మోచేతులు తగిలించుకుంటూ తింటోంది గానీ అతనికి అటూ ఇటూ కుర్చీలు ఖాళీగానే ఉండిపోయాయి. టెలెస్ఫోర్ తల వంచుకుని, పందిమాంసంతో ఉడికించిన చిక్కుడుగింజలు తింటున్నాడు. ఎదురుగా కూర్చున్న కెప్టెన్ లాక్లన్ మెక్‌ఫీ తన ఓట్స్ జావ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా అతని గొంతు వైపే చూస్తున్నాడు. తప్పు చేసినవాడికి ముద్ద దిగుతుందా? ఇతనికి దిగుతోంది. అంటే తప్పు చెయ్యలేదనా, సిగ్గు లేదనా? అనుమానం పట్టినవాడి లెక్కలు ఇలాగే ఉంటాయి. ఎటు నుంచి కూడినా మొత్తం ఒకటే వస్తుంది.

ఆ రోజుల్లో కెనడాలో జీతానికి మంచు మీద హాకీ ఆడే లీగులు రెండు. తూర్పున ఒకటి, పడమటి సముద్రం ఒడ్డున ఒకటి. రెంటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. ఒకరి ఆటగాళ్ళను ఒకరు ఎత్తుకుపోవడం, పేపర్లలో తిట్టిపోసుకోవడం మామూలే. శీతాకాలం చివర మాత్రం రెండు లీగుల్లో గెలిచిన జట్లూ కప్పు కోసం తలపడేవి. ఎవరి పద్ధతిలో ఆడాలన్నది తెగని తగాదా కనక, ఒక ఆట వీళ్ళ పద్ధతిలో, ఒక ఆట వాళ్ళ పద్ధతిలో ఆడి సరిపెట్టుకునేవారు. పడమట జట్టుకి ఏడుగురు. గోలు కాసే కీపరు కావలిస్తే మంచు మీద పడి, పొర్లి, ఎలాగైనా ఆ నల్ల రబ్బరు బిళ్ళని ఆపుకోవచ్చు. తూర్పున ఆరుగురే. కీపరు నిలబడే ఆపాలి. కావాలని మోకాలు మంచుకి ఆనించాడంటే పక్కన కూర్చోబెట్టేస్తారు. మగాడన్నవాడు నిలబడి ఆపాలని వాళ్ళ వాదన. బిళ్ళ ఆపడానికి మగతనం ఎందుకయ్యా, ఆగితే చాలదా అని వీళ్ళ వాదన.

ఆ ఏడాది కప్పు ఆటలు మూడు. మూడూ మాంట్రియల్‌లోనే. పడమటి తీరం నుంచి పోర్ట్ రెన్‌విక్ జట్టు రైలెక్కి దేశమంతా దాటి వచ్చింది. అవతలి జట్టు లాషాపెల్, ఎర్ర చారల చొక్కాల వాళ్ళు. మొదటి ఆట తూర్పు పద్ధతిలో. పోర్ట్ రెన్‌విక్ ఓడుతుందని అందరూ అనుకున్నారు, గెలిచింది. టెలెస్ఫోర్ ఆ రోజు గోడలా నిలబడ్డాడు. రెండో ఆట పడమటి పద్ధతిలో. అది గెలిస్తే కప్పు చేతికొచ్చినట్టే. అది ఓడిపోయారు. ఆట ముగిసే వేళకి ఒక బిళ్ళ, ఉసూరుమంటూ మంచుకి అంటుకుని జారుతూ వచ్చింది. ఊరికే పడితే చాలు ఆగిపోయే బిళ్ళ. టెలెస్ఫోర్ పడలేదు. నిలబడి చూస్తూ ఉండిపోయాడు. అది అతని రెండు స్కేట్ల మధ్య నుంచి లోపలికెళ్ళింది.

"గెలవాల్సింది ఓడాం, ఓడాల్సింది గెలిచాం" అన్నాడు ఓర్విల్ టాప్‌లీ, రొట్టె విరుచుకుంటూ, ఎవరికీ కాకుండా అందరికీ. రక్షణలో లాక్లన్‌కి జోడీగా ఆడేవాడు టాప్‌లీ; అతని నోటికి మూత ఉండేది కాదు. "లెక్క భలే సరిపోయింది. మూడో ఆట ఉండాలని ఎవరికో మహా కోరికగా ఉన్నట్టుంది."

టెలెస్ఫోర్ తినడం అయ్యాక పళ్ళెం తనే వంటింటి గుమ్మం దాకా తీసుకెళ్ళి ఇచ్చి, మేడ మీదికి వెళ్ళిపోయాడు.

లాక్లన్‌కి వచ్చిన కష్టం వేరు. టెలెస్ఫోర్ అతని చెల్లెలు ఎఫీ మొగుడు. అంతకుముందు చాలా ఏళ్ళు ఇదే లాషాపెల్ జట్టుకి కీపరుగా ఆడినవాణ్ణి, పోర్ట్ రెన్‌విక్ జట్టు యజమాని లాత్‌బరీ రెండేళ్ళ కిందట ఎక్కువ జీతం ఆశ చూపి పడమటికి లాక్కొచ్చాడు. వచ్చినవాడు మెక్‌ఫీల ఇంట్లో అద్దెకి దిగాడు. దిగినవాడు ఎఫీని చూశాడు. ఫ్రెంచివాడు, పైగా పోపుగారి మతం. లాక్లన్ తల్లి తన చర్చి తప్ప మిగతా చర్చిలన్నీ సైతాను కట్టించాడని నమ్మే మనిషి. పెళ్ళికి రానని గదిలో గడియ వేసుకుంది. అప్పుడు తలుపు బయట నిలబడి, "అమ్మా, అతనికి నేను పూచీ" అన్నది లాక్లనే. ఆవిడ గడియ తీయలేదు గానీ ఆ మాట మాత్రం మరిచిపోలేదు. పూచీ పడ్డ మనిషి అమ్ముడుపోయాడంటే, అమ్ముడుపోయింది ఎవరు?

దానికి తోడు లాక్లన్‌కి ఇదే ఆఖరి శీతాకాలం. బిళ్ళ వస్తుంటే ఒళ్ళంతా పరిచి అడ్డం పడిపోవడం అతని ఆట. కుర్రతనం నుంచీ అంతే. కీపరు ఒక్కడే నిలబడాలి గానీ మిగతావాళ్ళు ఎక్కడ పడ్డా ఏ లీగులోనూ అడిగేవాడు లేడు. అలా పడీ పడీ రెండు మోకాళ్ళూ పాడయ్యాయి. ఇంకో ఏడు ఆడలేనని అతనికి తెలుసు. కప్పు ఒక్కసారీ చేతపట్టలేదు.

ఇవన్నీ అలా ఉంచినా, ఆ పొట్లం ఒకటుంది.

రెండో ఆటకి ముందు రోజు సాయంత్రం లాక్లన్ పొగాకు కొనుక్కుని హోటల్ వెనక సందులోంచి వస్తున్నాడు. బొగ్గు దింపే గుమ్మం దగ్గర టెలెస్ఫోర్ కనిపించాడు. పక్కన లాషాపెల్ జట్టుకి స్కేట్లు సానబట్టే ఒవీడ్ అనేవాడు. ఇద్దరూ ఫ్రెంచిలో గుసగుసలాడుకుంటున్నారు. ఒవీడ్ కోటు లోంచి గోధుమరంగు కాగితం పొట్లం ఒకటి తీసి ఇచ్చాడు. టెలెస్ఫోర్ అటూ ఇటూ చూసి దాన్ని చొక్కా లోపల దోపుకున్నాడు. తరవాత ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వే లాక్లన్ చెవిలో జోరీగలా తిరుగుతోంది. రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నా టెలెస్ఫోర్ తనతో ఎప్పుడూ అలా నవ్వలేదు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. లాక్లన్ మాత్రం పట్టే తీరాలనుకున్నాడు. అడిగి చూద్దామని మేడ మీదికి వెళ్ళాడు. టెలెస్ఫోర్ కిటికీ దగ్గర కూర్చుని కాళ్ళకి కట్టుకునే తోలు మెత్తల పట్టీలు బిగిస్తున్నాడు.

"నిన్న ఆ బిళ్ళ సంగతేంటి బావా?" అన్నాడు లాక్లన్, గుమ్మంలోనే నిలబడి.

"ఏముంది. నిలబడిపోయా."

"మన పద్ధతి ఆట. పడొచ్చని తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ?"

టెలెస్ఫోర్ పట్టీ వదిలేశాడు. "ఎదురుగా ఆ చారల చొక్కాలు వస్తున్నాయి. వాళ్ళ జట్టులో ఆడినన్నాళ్ళూ నేనెప్పుడూ పడలేదు. పడితే మా పాత కోచి కర్రతో మోకాళ్ళ మీద కొట్టేవాడు. పడు, పడు అని నాకు నేనే చెప్పుకున్నా. మోకాళ్ళు నా మాట వినలేదు."

"నీ మోకాళ్ళు నీ మాట వినకపోతే మరి ఎవరి మాట విన్నట్టు?"

అది విని టెలెస్ఫోర్ అతని మొహంలోకి ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపమే ఉండి ఉంటే లాక్లన్‌కి మనసు కుదుటపడేదేమో. కోపం లేదు, అలసట ఉంది. సరే ఇంకో మెట్టు దిగి చూద్దామని లాక్లన్ మామూలుగా అడుగుతున్నట్టు, మొన్న సాయంత్రం ఎక్కడున్నావని అడిగాడు.

"ఇక్కడే" అన్నాడు టెలెస్ఫోర్ పట్టీ మళ్ళీ అందుకుంటూ. "పడుకున్నా."

అబద్ధం. కళ్ళెదుట ఆడిన అబద్ధం. ఇక చూడవలసిందేమీ లేదనుకున్నాడు లాక్లన్. నిజానికి చూడవలసిందంతా అప్పుడే మొదలైంది గానీ, మనిషికి తను వెతుకుతున్నది దొరికాక ఇంకా వెతకాలని ఎందుకనిపిస్తుంది?

లాత్‌బరీ ముందుగదిలో చలిమంట దగ్గర కూర్చుని కమలాపండు వలుచుకుంటున్నాడు. పోర్ట్ రెన్‌విక్‌లో కోతమిల్లు ఆయనది, హాకీ ఆడే రింకు ఆయనది, జట్టు ఆయనది. వేసవిలో లాక్లన్ కూలికి వెళ్ళేదీ ఆ మిల్లుకే. వెనక అందరూ ముసలాయన అంటారు, ఎదటపడితే టోపీ తీస్తారు. లాక్లన్ టోపీ తీసి, పొట్లం సంగతి, సందు సంగతి, అబద్ధం సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ ఆయన పండు మీద తెల్లటి పీచు ఒక్కొక్కటే లాగుతూ కూర్చున్నాడు.

"పొట్లంలో ఏముందో చూశావా?"

"చూళ్ళేదు. కాని ఇంకేముంటుంది సార్."

"ఇది బయటికొస్తే రెండు లీగులూ వాడికి తలుపులు మూసేస్తాయి. ఇక ఎక్కడా ఆడలేడు. నీ చెల్లెలి మొగుడు. ఆలోచించుకునే చెప్తున్నావా?"

"అందుకే చెప్తున్నా. తెలిసీ దాచానని రేపు నన్నంటారు."

ఆ ఆఖరి మాటలో టెలెస్ఫోర్ లేడు, ఎఫీ లేదు, కప్పు కూడా లేదు. ఉన్నది లాక్లన్ ఒక్కడే. అది ఆ క్షణాన అతనికి తెలియలేదు, ముసలాయనకి తెలిసింది. ఆయన చిన్నగా నవ్వి పండు తొన ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండో కీపర్ని వెంటబెట్టుకుని తిరగడం అప్పట్లో ఏ జట్టుకీ అలవాటు లేదు. కనక సాయంత్రం ఆటకి వాణ్ణే దింపాలి, గత్యంతరం లేదు, నువ్వు ఓ కన్నేసి ఉంచు, తరవాతి సంగతి నేను చూసుకుంటానని పంపేశాడు.

పెదవి దాటితే పృథ్వి దాటుతుంది. ముసలాయన ఎవరితో అన్నాడో, గోడవతల ఎవరున్నారో గానీ, మధ్యాహ్నం టీ వేళకల్లా జట్టంతా ఆ పొట్లం గురించే మాట్లాడుకుంటోంది. టాప్‌లీ నోట్లో పడ్డాక అది రెండు పొట్లాలయింది.

సాయంత్రం రింకులో జనం కిటకిటలాడిపోయారు. మార్చి నెల, బయట మంచు కరుగుతోంది. పోర్ట్ రెన్‌విక్ రింకులో మంచు యంత్రంతో గడ్డ కట్టిస్తారు. ఇక్కడ దేవుడు కట్టిస్తేనే కట్టినట్టు. మంచు మీద నీళ్ళు పల్చగా నిలిచి ఉన్నాయి. చుట్టపొగ దీపాల దాకా లేచి అక్కడే వేలాడుతోంది.

పోర్ట్ రెన్‌విక్ జట్టుకి ఒక ఆచారం ఉండేది. గదిలోంచి బయటికి వెళ్ళేటప్పుడు కీపరు గుమ్మం పక్కన నిలబడతాడు. ప్రతివాడూ దాటిపోతూ తన కర్రతో అతని కాళ్ళ మెత్తల మీద ఒక దెబ్బ తడతాడు. నీ వెనక మేమున్నామని చెప్పడం అది. తట్టకుండా వెళితే అపశకునమని పాతకాపులు కూడా భయపడేవారు. ఆ సాయంత్రం టెలెస్ఫోర్ ఎప్పటిలా గుమ్మం పక్కన నిలబడ్డాడు. టాప్‌లీ తట్టలేదు. అతని వెనకవాడు తట్టలేదు. ఒకడు స్కేటు దారం చూసుకుంటున్నట్టు వంగి వెళ్ళిపోయాడు. అందరి వెనకా లాక్లన్. అతని కర్ర కొద్దిగా పైకి లేచింది కూడా. లేచిన కర్రని భుజానికి ఎత్తుకుని అతనూ వెళ్ళిపోయాడు.

ఆట హోరాహోరీగా సాగింది. మొదటి రెండు భాగాలూ ముగిసేసరికి చెరి రెండు గోల్స్. టెలెస్ఫోర్ వంక పెట్టడానికి వీల్లేకుండా ఆడుతున్నాడు. అయినా లాక్లన్ కళ్ళు మాటిమాటికీ వెనక్కే పోతున్నాయి. ఎదురుగా వచ్చేవాణ్ణి చూడాల్సినవాడు వెనక ఉన్నవాణ్ణి చూస్తే ఏమవుతుంది? తమకి పడ్డ రెండు గోల్స్‌లో ఒకటి అలా వెళ్ళిందే. అది తన తప్పని లాక్లన్‌కి తెలిసినా, ఆ తప్పునీ టెలెస్ఫోర్ ఖాతాలోనే వేసేశాడు.

మూడో భాగం ముగియవస్తుండగా లాషాపెల్ వాడొకడు పక్కగా చొచ్చుకొచ్చి బిళ్ళ తోశాడు. గట్టి దెబ్బ కాదు. నీళ్ళలో తడబడుతూ, మెల్లగా, మంచుకి అంటుకుని వస్తోంది. అచ్చం ముందురోజు బిళ్ళకి తోబుట్టువు. ఇది తూర్పు పద్ధతి ఆట. టెలెస్ఫోర్ ఉన్నచోటే కాలు అడ్డం పెడితే చాలు, పదేళ్ళుగా పెట్టిన కాలే. అతను లాక్లన్ వైపు ఒక్కసారి చూశాడు. చూసి, దభీమని రెండు మోకాళ్ళ మీదా పడ్డాడు. బిళ్ళ ఆగింది. రింకంతా ఈలలు. రిఫరీ చేతిగంట కొట్టి బయటికి వేలు చూపించాడు.

తూర్పు పద్ధతిలో కీపరు శిక్ష కీపరే అనుభవించాలి. అతను వెళ్ళి బల్ల మీద కూర్చుంటే, జట్టులో ఇంకెవరో ఆ వెడల్పాటి కర్ర పుచ్చుకుని గోలు కాయాలి. కాసినంతసేపూ వాడికీ కీపరు కట్టుబాట్లే. టెలెస్ఫోర్ లేచి వచ్చి కర్రని లాక్లన్ చేతిలో పెట్టాడు.

లాక్లన్ గోలు ముందు నిలబడ్డాడు. కీపరు వెనక్కి తిరిగి చూసుకోలేడని, చూసినా వెనక ఎవరూ ఉండరని అతనికి మొదటిసారి తెలిసింది. కావాలనే పడ్డాడనుకున్నాడు పళ్ళు కొరుక్కుంటూ. నిన్న నిలబడి అమ్మాడు, ఇవాళ పడి అమ్మాడు. నేను నిలబడతా. ఏం జరిగినా నిలబడతా. రెండు కాళ్ళూ దగ్గరగా పెట్టుకుని, నిలబడు, నిలబడు అని పైకే అనుకుంటున్నాడు. ఎర్ర చారల గుంపు కదిలింది. కాళ్ళ సందుల్లోంచి బిళ్ళ బయటపడి తన ఎడంపక్కకి జారింది.

తరవాత అతనికి తెలిసింది మంచు చల్లదనం. చెంప మంచుకి ఆని ఉంది. ఒళ్ళంతా పరిచి, రెండు చేతులూ చాపి, అడ్డంగా పడి ఉన్నాడు. బిళ్ళ పొట్ట కింద ఉంది. ఎప్పుడు పడ్డాడో, ఎవరు పడమన్నారో తెలియదు. రిఫరీ గంట కొడుతూనే ఉన్నాడు. పైన జనం నవ్వుతున్నారు.

ఇప్పుడు శిక్ష బల్ల మీద ఇద్దరు. గోలు ముందు టాప్‌లీ.

లాక్లన్ చెంపకి అంటిన మంచు తుడుచుకున్నాడు.

"నువ్వెందుకు పడ్డావు?" అన్నాడు.

"మళ్ళీ నిలబడి, ఏ కర్మో అది దాటిపోతే అమ్ముడుపోయానంటారు" అన్నాడు టెలెస్ఫోర్. "పొద్దుట్నించీ ఒక్కడు పలకలేదు. కర్ర తట్టలేదు. నువ్వు కూడా తట్టలేదు బావా. పడైనా ఆపితే నమ్ముతారేమో అనుకున్నా."

లాక్లన్‌కి అడగాల్సింది ఇంకొకటి మిగిలింది. "ఆ పొట్లంలో ఏముంది?"

టెలెస్ఫోర్ తుళ్ళిపడ్డాడు. "చూశావా?" అని, "పిల్ల గౌను. బాప్తిస్మానిది. మా అమ్మా, నేనూ, మా వాళ్ళందరూ అందులోనే బాప్తిస్మం పుచ్చుకున్నాం. ఒవీడ్ మా పిన్ని కొడుకు, వాడి చేత అమ్మ పంపించింది" అన్నాడు. "ఎఫీకి నాలుగో నెల. ఇల్లు చేరేదాకా మీవాళ్ళెవరికీ చెప్పొద్దంది. పిల్లని మా చర్చికి తీసుకెళ్తానంటే మీ అమ్మ ఏం చేస్తుందో తెలుసుగా. నువ్వు ఆవిడ పక్షం చేరతావేమోనని నీ దగ్గరా దాచా."

నాలుగో నెల. తను మేనమామ కాబోతున్నాడు. ఆ సంగతి లాక్లన్ ఓటమి అంచున ఉన్న జట్టు శిక్ష బల్ల మీద, తడిసిన చొక్కాతో విన్నాడు. చెల్లెలి మొహం కళ్ళముందు కదిలి సంతోషం వచ్చింది. వచ్చిన సంతోషానికి నిలవడానికి చోటు లేదు.

"పొద్దున ముసలాయనకి చెప్పేశా" అన్నాడు. "నువ్వు అమ్ముడుపోయావని. నేనే."

అప్పుడే రింకు పైకప్పు ఎగిరిపోయేలా కేక లేచింది. టాప్‌లీ చూస్తుండగానే బిళ్ళ అతని భుజం పక్కనించి వలలో పడింది. ఇద్దరిలో ఎవరూ తల తిప్పి చూడలేదు.

ఆ గోలుతోనే కప్పు పోయింది. ఆట అయ్యాక లాక్లన్ బట్టలైనా మార్చుకోకుండా ముసలాయన దగ్గరికి పరిగెత్తాడు. పొట్లంలో ఏముందో చెప్పాడు. టెలెస్ఫోర్ తప్పేమీ లేదని, తను తెలియక వాగానని చెప్పాడు. నేనూ పడ్డాను కదా సార్, పడటం నేరమైతే నన్నూ తీసెయ్యండన్నాడు. లాత్‌బరీ కోటు గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"నువ్వు పడింది కంగారు. వాడు పడింది బేరం" అన్నాడు. "పొద్దున నువ్వు చెప్పింది నమ్మా. సాయంత్రం ఎందుకు మాట మారుస్తున్నావో నాకు తెలీదనుకున్నావా? చెల్లెలి మొగుడు."

ఒకే తప్పు ఇద్దరు చేశారు. ఒకడిది చెయ్యి జారడం, ఇంకొకడిది ద్రోహం. లాక్లన్‌కి ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం, ఆ తూకపురాళ్ళు ఆయన చేతికి అందించింది తనే. ఇల్లు చేరగానే రెండు లీగులకీ రాస్తానని, ఈలోగా వాడు మన రైలెక్కనక్కర్లేదని ముసలాయన తేల్చేశాడు.

మర్నాడు స్టేషన్‌కి టెలెస్ఫోర్ వచ్చాడు, పెట్టె లేకుండా. లాక్లన్ తన టిక్కెట్టు అతని చేతిలో పెట్టబోయాడు. నువ్వెళ్ళు, నేనే ఉండిపోతానన్నాడు. అతను పుచ్చుకోలేదు.

"ఇప్పుడొస్తే ఊళ్ళో అమ్ముడుపోయినవాడిగా దిగుతా. పుట్టే పిల్లకి ఆ పేరెందుకు?" అన్నాడు టెలెస్ఫోర్. చొక్కా లోపల్నించి గోధుమరంగు పొట్లం తీశాడు. "ఇది ఎఫీకి నీ చేత్తోనే ఇవ్వు. నోటితో అన్నది నోటితోనే తీసెయ్ బావా. అందరి దగ్గరా. అప్పుడు రమ్మను, వస్తా."

క్షమించానని అనలేదు. లాక్లన్ అడగనూ లేదు. రైలు కదిలేటప్పుడు చెయ్యి ఊపాడు. అవతల టెలెస్ఫోర్ చేతులు జేబుల్లోనే ఉన్నాయి.

రైలు పెట్టెలో జట్టంతా పేకాట వేసుకుని కూర్చుంది. లాక్లన్ ఒక మూల కూర్చుని పొట్లం ఒళ్ళో పెట్టుకున్నాడు. ముక్కలు పంచుతున్న టాప్‌లీ చెయ్యి ఆగింది.

"ఏంటి కెప్టెన్ అది? ఎవరిచ్చారు?"

పేకాట ఆగిపోయింది. ఆ చూపులన్నీ పొట్లం మీద వాలి, అక్కణ్ణించి లాక్లన్ మొహం మీదికి ఎక్కాయి. అతను దారం ముడి విప్పాడు. కాగితం తీసి, లోపలున్న తెల్లటి గౌను రెండు చేతులతో ఎత్తి చూపించాడు. పాతబడి మీగడరంగుకి తిరిగిన బట్ట, మెడ దగ్గర అల్లిక. పిల్ల సంగతి, ఒవీడ్ సంగతి, పొద్దున ముసలాయనతో తను అన్న మాట, అన్నీ చెప్పాడు. చూసింది పొట్లం, చెప్పింది బేరం, ఆ నడుమనున్నదంతా నేను కల్పించుకున్నదే అన్నాడు.

"గౌను సంగతి సరేలే" అన్నాడు టాప్‌లీ నెమ్మదిగా. "మరి నువ్వెందుకు పడ్డావు? అక్కడ పడకూడదని తెలీదా?"

"తెలుసు."

"తెలిసీ?"

లాక్లన్ గౌను వైపు చూసుకున్నాడు. "నిలబడమనే చెప్పుకున్నా. మోకాళ్ళు నా మాట వినలేదు."

టాప్‌లీ పక్కవాడి వైపు చూశాడు. పక్కవాడు కిటికీ వైపు తిరిగాడు. ఒకడు చేతిలో ముక్కలు సర్దుకున్నాడు. ఆ చూపు లాక్లన్‌కి బాగా తెలుసు. హోటల్ గది గుమ్మంలో నిలబడి తను టెలెస్ఫోర్ వైపు చూసిన చూపే అది. అప్పుడు టెలెస్ఫోర్‌కి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తనకి తెలుస్తోంది. దారి ఇంకా చాలా ఉంది, ముసలాయన కూర్చున్న పెట్టె ముందుంది, ఇంటి దగ్గర గదిలో అమ్మ ఉంది. గౌనుని పాత మడతల ప్రకారమే మడిచి కాగితంలో పెట్టాడు.

"మళ్ళీ చెప్తా వినండి" అని మొదటినుంచీ మొదలుపెట్టాడు.